నీడ పడే కార్డు

హవల్లిలో మా అంగడి బల్ల మీద
ఈ పూట నాలుగు డబ్బాలు
కడుపులు తెరుచుకుని ఉన్నాయి.
లోపల మెత్తటి దుమ్ము, గోధుమపిండి రంగులో.
బ్రష్షుతో దులిపితే నాకు తుమ్మొస్తుంది,
దానికి సగం జబ్బు నయమవుతుంది.
ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పొద్దన్నాడు ముదీరు.

మిషారీకి పందొమ్మిదేళ్లు.
పోయిన చలికాలం కొన్న కార్డు మీద
ప్లాస్టిక్కు పొర ఇంకా ఒలవలేదు,
అప్పుడే కొత్తది కావాలన్నాడు.
"ఇది ఆడట్లేదా?"
"బాగా ఆడుతుంది. ఇంకోటి వచ్చిందని తెలిసిన కాణ్నుంచి
దీని మీద మనసు లేదు."
నిజం చెప్పాడు. మా దగ్గర అది అరుదు.

వగ్దీ అని ఈజిప్టు లెక్కలాయన.
ఇరవై ఏళ్లుగా అవే కూడికలు, అవే తీసివేతలు,
మిషను మాత్రం ఇది ఐదోది.
"నేనేం మారలేదు, అవతలోళ్ల ఫైళ్లు లావెక్కాయి"
అంటాడు పొట్ట నిమురుకుంటూ.

పెంచలయ్య వేరు.
రాజంపేట అవతల మనిషి. నీళ్ల ట్యాంకరు తోల్తాడు.
శుక్రవారం నమాజు అయ్యి మేం తలుపు తీసేదాకా
మెట్ల మీద కూర్చుంటాడు.
కొత్తవి అడగడు.
"ఎవురన్నా ఊడబెరికినవి ఉండాయా?" అంటాడు.
పదేళ్ల కిందట ఒక్క జీబీ మెమరీ,
తర్వాత రెండు, తర్వాత నాలుగు,
కాలిపోయిన సప్లైకి బదులు ఇంకో పాతది.
డ్రైవర్ల గదిలో, రెండంతస్తుల మంచం కింది అరలో,
ఆయన పైలటు.

ఒకసారి చూడ్డానికి పోయాను.
కువైట్‌లో లేచాడు, సముద్రం మీద చుట్టు తిరిగాడు,
లేచిన చోటే దిగాడు.
"మనూరి దాకా పోవా పెంచలన్నా?"
"ఊరికి టికెట్టు కొనుక్కోని పోతా గదా.
దీంట్లో యాలకి?"
మళ్లీ లేచాడు.
"మొదట్లో నీళ్లు రేకు మాదిరి ఉన్యాయి.
నాలుగు జీబీకి అలలు లేసినాయి.
నువ్వు పోయినేడు ఇచ్చిన కార్డుకు మబ్బులొచ్చినాయి.
సూడు, మబ్బు పోతా ఉంటే
కింద నీడ పడ్లే."

ఆ రోజు బయట నలభై తొమ్మిది డిగ్రీలు.
ట్యాంకరు చక్రం పక్కన, దాని నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ
అన్నం తినే మనిషి.
నేను నవ్వలేదు.

పదకొండేళ్లుగా బిల్లులు రాస్తున్నాను.
'వేగం కోసం' అని రాసుకుంటాం, రాయడానికి సుళువు.
ఈయన విమానం ఎక్కడికీ పోదు కదా,
వేగం ఏం చేసుకుంటాడు?

మొన్న మిషారీ కార్డు మీది పొర నేనే ఒలిచి
పెంచలయ్య డబ్బాలో బిగించాను.
నాలుగు నెలల వాయిదా.
ముదీరు మొహం అటు తిప్పుకున్నాడు.

రాత్రి పదకొండుకు ఫోను.
"పడింది" అన్నాడు.
కాసేపు మాట లేదు. ఫ్యాను చప్పుడు ఒక్కటే,
కార్డుదో, గదిదో.
"నీళ్ల మీంచి ఇసక మీదికెక్కి
పోతా ఉండాది అబ్బయ్యా, నల్లంగా.
నేను దాని ఎంబడే పోతాండా."

ఇక పెట్టేస్తాడనుకున్నాను.

"వాన కనపడేది ఎంతవుతాది?"