మూడో పుస్తకం

వారాసిగూడలో జిరాక్సు షాపు పైన
రేకుల గది మా సంఘం ఆఫీసు.
ఎండకు రేకు చిటపటమంటుంది,
వానకు ఒకరి మాట ఒకరికి వినపడదు.
గుట్టు చెప్పుకోవడానికి వానాకాలమే మేలు.

ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళం.
జీతం ఎగ్గొట్టిన ఇల్లు, చెయ్యి పట్టుకున్న ఇల్లు,
దొంగతనం అంటగట్టి కొంగు దులిపించిన ఇల్లు
అన్నీ రాసుకోవాలి.
ఒక్కచోట రాసుకోకూడదు.
ఆ కాగితం బయటపడిందా,
తెల్లారేసరికి నలభై ఒక్క మందికి
గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం.

అందుకని
పేర్లు నా నోటుబుక్కులో.
ఫ్లాటు నంబర్లు షమీమున్నీసా దగ్గర,
బియ్యం డబ్బా అడుగున, ఉర్దూలో.
ఏ పేరు ఏ ఫ్లాటుదో
అది మాత్రం బాలమణి దగ్గర.
బాలమణికి అక్షరం రాదు.
ఆమే మా మూడో పుస్తకం.

ఒకసారి పద్మారావునగర్‌లో అపార్టుమెంటు సెక్రటరీ
పిలిపించి కుర్చీ వేయించాడు.
పదేళ్ళు అంట్లు తోమిన ఇంట్లో
మొదటిసారి కుర్చీ.
"లిస్టు ఉందట కదా" అన్నాడు.
"నాకేడ చదువొస్తది సారూ" అని
చాయ్ తాగి, కప్పు కడిగి బోర్లించి వచ్చింది.
కప్పెందుకు కడిగినవని షమీమ్ తిట్టింది.
"చేతులు ఊకుంటయా" అంది.

నాకే నిద్ర పట్టేది కాదు.
మనిషి జ్ఞాపకానికి నకలేది?
రాసి పెట్టుకుందామంటే నవ్వేది:
"నేనుండంగ నీకేం భయం."

గాంధీ ఆసుపత్రిలో నాలుగు రోజులు.
మూడోరోజు మాట పడిపోయింది.
మంచం పక్కన కూర్చుని, సిగ్గులేకుండా,
ఆమె పెదాల వంకే చూశాను.
మనిషి కోసమా, పుస్తకం కోసమా
ఇప్పటికీ చెప్పలేను.

పదకొండో రోజు సాయంత్రం.
అడ్డగుట్ట గల్లీలో సుద్దముక్కతో గళ్ళు గీసి
ఆమె మనవరాలు తొక్కుడుబిళ్ళ ఆడుతోంది.
ఒంటికాలి మీద గెంతుతూ
"ఏడుకు ముప్పై, ఎనిమిదికి పద్నాలుగు,
తొమ్మిది రెండిళ్ళది,
పది పైసలు దొరికి పండుకుంది..."

నా బుక్కులో ఏడో పేరు ఎవరిదో
ఇక్కడ కూడా రాయను.
కాళ్ళు చల్లబడ్డాయి.
పంక్చరు షాపతను వింటున్నాడు.
ఇస్త్రీబండి ఆమె వింటోంది.
ఎన్నాళ్ళుగా వింటున్నారో!
ఒక్కరికీ ఏమీ తెలియదు.

"ఎవరు నేర్పినరే?"
"అమ్మమ్మ. తప్పితే మళ్ళ మొదటికెల్లి అనాలె."

ఈ ఆట మానెయ్యమని నోటిదాకా వచ్చింది.
పిల్ల పదిహేడు దగ్గర గీత తొక్కి
నాలుక కరుచుకుని
మళ్ళీ ఒకటికి పోయింది.

సంచిలో పెన్ను ఉంది. తీయలేదు.
ఇస్త్రీబండి పక్కన అరుగు మీద కూలబడ్డాను,
చీకటి పడేలోగా
నలభై ఒకటి దాకా పోతుందేమోనని.