త్రీ బై ఎయిట్ పానా

పేపర్లో మూడు లైన్లు వేయించారు రంగబాష్యం గారు:
ఎం.జి., యాభై రెండో మోడల్,
రెండే సీట్లు, పచ్చ రంగు,
అంతా ఒరిజినల్.
చదివి నవ్వుకున్నాను.
ఆ మూడో లైను మీద ఆరేళ్లు పనిచేసింది నేనే.

వరదొచ్చిన డిసెంబరులో
కొట్టూర్‌పురం షెడ్డులో మూడు రోజులు మునిగింది.
పుదుపేట సందులోకి ట్రాలీ మీద చేరేసరికి
హెడ్‌లైటు గిన్నెలో వేలెడంత చేప.
డోరు తీయబోతే డోరే చేతికొచ్చింది,
లోపలి చెక్క టీలో నానిన రస్కు.
"తుక్కుకైతే కేజీ ఎంత పెంచలయ్యా?" అన్నారాయన,
అంటూనే బానెట్ మీంచి చెయ్యి తియ్యలేదు.

పానా పెట్టి చూశాను.
పన్నెండు పట్టదు, పదమూడు జారుతుంది.
మన కొలతల్లో పుట్టిన బండి కాదు.
ఆ రాత్రి వ్యాసర్పాడిలో అటక ఎక్కి
నాన్న గోనెసంచి దించాను.

మిల్లు మూసేసిన ఏడు
మగ్గాల సెక్షన్ ఫిట్టరు చెంచయ్యకు
రావలసిన బాకీలో చేతికందింది అదొక్కటే:
పదకొండు పానాలు, వాటి మీద తెల్లదొర కొలతలు.
ఇరవై ఏళ్లు అవి ఏ నట్టుకీ కుదరలేదు.
అమ్మ ఒకదాన్ని ఊరగాయ జాడీ మీద బరువు పెట్టింది,
చెల్లెలు ఇంకోదానితో గోడకు మేకులు కొట్టింది.
నాన్న మాత్రం ఏటా ఆయుధపూజకి
అన్నిటినీ పోగేసి, కిరసనాయిలుతో తుడిచి, బొట్లు పెట్టేవాడు
మర్నాడు డ్యూటీకి వెళ్లేవాడిలా.

త్రీ బై ఎయిట్ తీసి పెట్టాను.
టక్కున కూర్చుంది.
"ఏమైందన్నా?" అన్నాడు కన్నియప్పన్ నా మొహం చూసి.
ఏం లేదురా, సరిపోయింది, అన్నాను.

ఇవాళ కొనేవాడు వచ్చాడు, కోయంబత్తూరు కుర్రాడు,
మోకాళ్ల మీద వంగి, అద్దం పట్టి, అడుగంతా చూశాడు.
"ఒరిజినలేనా?"
ఏం చెప్పను.
డోర్ల చెక్క పురసవాక్కంలో పడగొట్టిన మేడ గుమ్మం టేకు.
సీట్ల తోలు పల్లావరం. కుట్టు మస్తాన్ భాయ్‌ది,
ఒక్క వరుస వంకర, ఆ రోజు అతని కూతురి ప్లస్ టూ రిజల్టు.
రంగు మాత్రం
డాష్‌బోర్డు వెనక ఎండ తగలని చోట
అరచేతి మేర బతికున్న పచ్చని చూసి కలిపింది,
పదిహేడు సార్లు తప్పి
ముదురు కరివేపాకు దగ్గర ఆగాం.
"ఇంజన్ నంబరు ఒరిజినల్ సార్" అన్నాను.
అదీ నిజమే.

తాళం తిప్పి నాబ్ లాగాను.
దగ్గింది, ఉమ్మింది, అందుకుంది.
రంగబాష్యం గారు గోడ వైపు తిరిగి
పాత క్యాలెండర్లో ఏదో తేదీ వెతుకుతూ ఉండిపోయారు.

డబ్బు లెక్కయ్యాక కుర్రాడన్నాడు:
"ఆ పానాలూ కారుతోనే కదా?"
ఆయన నా వైపు చూశారు, నేను సంచి వైపు.
బండే పోయాక వాటికి మళ్లీ ఏ నట్టు?
ఇచ్చాను. తుడిచి, గోనెగుడ్డలో చుట్టి,
ముందర పెట్టి లెక్కపెట్టి మరీ.

పది.

కూవం వంతెన ఎక్కి
బస్సుల మధ్య ఆ పచ్చ కలిసిపోయేదాకా నిలబడ్డాను.
ప్యాంటు జేబు ఒక పక్కకి లాగుతోంది.
కార్బురేటరు కింద ఒక నట్టుంది,
ఆర్నెల్లకోసారి వదులవుతుంది,
వేరే పానా దానికి పట్టదు.
కుర్రాడి నంబరు నేను అడగలేదు.
నాది వాడి దగ్గరుంది.