రెండు మీటర్లు

స్ట్రామ్‌నెస్ రేవులో పొద్దున్నే వాన.
షెడ్డులో కంప్రెసర్ దగ్గుతోంది.

మోరాగ్ ఫ్లెట్ సిలిండర్ మెడ మీద
పరీక్ష తేదీ ముద్రని బొటనవేలితో తడిమింది,
సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు.
వాల్వు విప్పి లోపలికి లైటు వేసింది.
తుప్పు లేదు, తేమ లేదు.
వేలిముద్రంత జిడ్డు కూడా ఉండకూడదు,
ప్రాణవాయువు నూనెని క్షమించదు.

పాత టేపు నేనే పీకాను.
దాని మీది అంకె
పోయిన వారం ఊపిరిది.

"ముప్పై రెండు కలిపాను" అంది.
పదకొండేళ్లలో ఆమె మాట తప్పింది లేదు.
అయినా మీటరు నా చేతిలో పెట్టి
అటు తిరిగి టీ పోసుకుంది.
ఇక్కడ ఊరికే నమ్మడం అమర్యాద.

ముందు వాన గాలి చూపించాను: ఇరవై పాయింట్ తొమ్మిది.
తర్వాత వాల్వు సన్నగా తెరిచాను.
ముప్పై రెండు, ముప్పై మూడు,
ముప్పై నాలుగు దగ్గర నిలబడింది.

మునిగిన ఓడ ఫిరంగి ముప్పై మూడు మీటర్ల లోతున ఉంది.
నా హద్దు ఇప్పుడు ముప్పై ఒకటి.
రెండు పాళ్లు ప్రాణం ఎక్కువైంది,
రెండు మీటర్ల సముద్రం తరిగింది.

మోరాగ్ అంకె చూసి చెవి గోక్కుంది.
"ఖాళీ చేసి మళ్లీ నింపనా?"
వద్దన్నాను.
కొత్త టేపు మీద 34, 31, తేదీ,
చివర నా పొడి అక్షరాలు.

ఇవాళ ఫిరంగిని పైనుంచే చూస్తాను,
బావిలో పడ్డ చెంబుని చూసినట్టు.