పోట్ ఖరాబు

పహాణిల ఆ నేలకు పేరు లేదు.
నూట పన్నెండు ఎకరాల పద్దెనిమిది గుంటలు.
సాగు లేదు. నీటి ఆధారం లేదు. చెట్లు లేవు.
చివరి గడిలో, నిజాం కాలం నుంచి
ఒకర్ని చూసి ఒకరు దించుకుంట వచ్చిన మాట:
పోట్ ఖరాబు.

నేను సర్వేయర్ని.
లేదని రాసిపెట్టినదాన్ని కొలిచి
ఎంత లేదో చెప్పడం నా కొలువు.

మక్తల్ దాటి, కృష్ణ స్టేషన్ ఇంకా రాకముందే
ఎడమకు మళ్లితే తొవ్వ గడ్డిలో కలిసిపోతది.
అక్కడ మిషన్‌ను మూడు కాళ్ల మీద నిలబెట్టిన.
ఫాల్గుణపు ఎండ. మోకాలెత్తు గడ్డి
గాలికి ఒక పక్కకు ఒరిగి
మళ్లీ ఏమెరగనట్టు లేస్తున్నది.

బండెప్ప వచ్చిండు.
భుజాన గొంగడి, వెనుక ఎనభై గొర్లు.
"ఏం గొలుస్తున్నవ్ బిడ్డా?"
సోలార్ పలకలొస్తయన్న. ఖాళీ జాగే గదా, అన్న.
నవ్వలే. కోపం చెయ్యలే.
"జర కాలు పక్కకు వెట్టు" అన్నడు.

నా చెప్పుకు జానెడు దూరంల
నాలుగు గులకరాళ్లు.
రాళ్లు గావు,
తీతువు గుడ్లు.
నెత్తిమీద అది అప్పటిదాంక తిడుతున్నది నన్నేనని
అప్పుడు తెలిసింది.

ఆ పొద్దంత ఆయన ముందు, నేను వెనుక.
ఒక చోట పెంటికల కుప్ప.
ఇర్రి రోజూ ఈడికే వస్తదట,
ఇంకో ఇర్రి దీన్ని దాటదట.
నా సంచిల హద్దురాళ్లు ఎందుకో బరువెక్కినయి.
ఒక దిబ్బ ఎక్కి ఆగిండు.
"ఈడ మా తాత బట్టమేకను చూసిండు.
నా నడుమెత్తు పిట్టంట.
నేను చూడలే. అగో ఆడ, అని తాత చెయ్యెత్తితే
ఆ చెయ్యినే చూసిన."

పొద్దు వాలినంక వాగు గండి కాడికి దించిండు.
రేగు పొద కింద ఒక బొక్క.
ముందట నాకి నున్నగైన ఎముక,
ఇన్సూరెన్సోళ్లు గొర్రె చెవికి కుట్టిన పసుపు బిళ్ల.
లోపల నుంచి, బిందెల నీళ్లు కదిలినట్టు
చిన్న చిన్న మూలుగులు.
"తోడేలు" అన్నడు, పొరుగింటోళ్ల పేరు చెప్పినట్టు.
"ఏటా రెండు పిల్లలు దానికి పోతయ్.
తిట్టనా? తిడత. కట్టె ఇసురుత.
మందు వెట్టుమంటరు మావోళ్లు.
నాయిన వెట్టలే, నేను వెట్టలే.
అది తిరిగినన్నొద్దులే బిడ్డా,
దీన్ని బీడంటరు.
తిరగకుంటే ప్లాటంటరు."

ఆ రాత్రి నారాయణపేటల, కిరాయి రూముల,
ఫారం ముందరేసుకొని కూసున్న.
పట్టాదారు: సర్కారు.
పక్క గడి అనుభవదారుది.
అందరూ గీత గీసి వదిలే గడి.
పెన్ను చానాసేపు గాలిలనే ఉన్నది.
తర్వాత రాసిన.
తోడేలు, పిల్లలతో.
ఇర్రి మంద.
తీతువు, గుడ్లు నాలుగు.
బండెప్ప పేరు గూడ రాసిన, అన్నిటికంటే కింద,
ఆయన చెప్పిన వరసలనే.

మూడో నాడు ఫారం వాపసొచ్చింది.
ఆ నాలుగు లైన్ల మీద ఎర్ర సిరా,
స్కేలు వెట్టి మరీ కొట్టేసిన గీత.
కొత్త ఫారం మా సారే నింపిండు. చేతిరాత బాగుంటది ఆయనది.
నాకు ధన్వాడ బదిలీ.

నిరుడు పోయి ఈ యేడొచ్చింది.
మక్తల్ అంగట్ల గొర్ల గుంపు నడుమ
ఆ గొంగడిని గుర్తువట్టిన.
కంపెనోళ్లు కంచె వేసిండ్రట, రాత్రంత లైట్లట,
వాగు గండి పూడ్చి రోడ్డు వోసిండ్రట.
ఇంకేం అడగాల్నో తోచక
పిల్లలెన్ని బతికినయి ఈసారి, అన్న.

రుమాలు తీసి మొఖం తుడుచుకున్నడు.
చావు కబురు మోసుకొచ్చినోడు
గడప బయటనే నిలబడి చెప్పినట్టు, మెల్లగ:
"అన్నీ ఉన్నయ్ బిడ్డా.
రెండుసార్లు లెక్కవెట్టిన.
ఒక్కటి గూడ తక్కువ వడలే."