పిప్పి

ఇరవై లీటర్ల నీళ్ళు కాగి, చల్లారి,
డబ్బాల దిగి మూతి బిగిచ్చుకున్నంక
వంటింట్ల మిగిలింది నేనూ, ఇదీ.

తొమ్మిది కిలోల తడి పిప్పి.
బట్టసంచిల ఇంకా సెగ కక్కుకుంట,
అంబలి లెక్క తియ్యటి వాసన.

మూత పెట్టేదాక ఐలయ్య ఉన్నడు.
"పదిహేను దినాలకు పిలువన్నా" అని
చేతులు ప్యాంటుకు తుడుచుకొని పోయిండు.
తాగేటప్పుడు నలుగురం,
కడిగేటప్పుడు ఒక్కన్ని.

గంజు అడుగంటింది.
గరిటె జిగట. స్టవ్వు జిగట.
స్విచ్చుబోర్డు మీద నా బొటనవేలు జిగట.
గోడ మూలకెల్లి చీమలు లైను కట్టినయ్,
వాటికి ఎవడు ఫోను కొట్టిండో.

పోయినసారి బాత్రూం మోరిల పోసిన.
నడిరాత్రి ఉబ్బి, బిరడా లెక్క బిగుసుకొని
కింది అంతస్తు దాక మూడు దినాలు పులిసిన కంపు.
ఓనరు సుదర్శన్‌రావు పుల్ల పెట్టి పొడిచి
ఒక్క గింజ పైకి తీసి, ఎండకు పట్టి చూసి
"కోళ్ళు పెంచుతున్నవా?" అన్నడు.
ఔనన్న.
ఏమంట మరి.

ఈ గింజల మీద నాకు కొంచెం జాలి.
బీటుబజార్ల కొనుక్కొచ్చి
రెండు రాత్రులు తడిగోనెల పండబెట్టి
వానకాలం వచ్చిందని నమ్మిచ్చిన.
తెల్లటి వేరు ఇంత బయట పెట్టినంక
మిద్దె మీది ఎండల పారేసిన.
వేయించిన, పలగ్గొట్టిన,
గంటసేపు ఉడుకునీళ్ళల్ల ముంచి
ఉన్న తీపంత గుంజుకున్న.

రెండు బకెట్లు రెండు చేతులకు.
కాజీపేట పట్టాల పక్కన ఓదమ్మ కొట్టం,
మూడు బర్లు, ఒక దుడ్డె.

మోచేతి దాక లోపల పెట్టి పిడికెడు తీసింది.
ముక్కు కాడికి తెచ్చుకొని
ఆగింది.
ఒక గూడ్సుబండి మొత్తం పోయేదాక
అట్లనే ఆగింది.

"దేనిదిది?"
"బార్లీ."
"బార్లీతోని ఏం వండినవ్?"
చెప్పిన.
అబద్ధాలన్నీ ఓనరు కాడ్నే అయిపోయినయ్.

"బర్రెకు నిషా ఎక్కుతదా?"
"ఎక్కదు. ఎక్కేదంత నీళ్ళ ఎంబడి పోయింది.
ఇది ఉత్త పిప్పి."

"గట్లనా" అన్నది.
"మా ఇంటాయనకు ఎవలన్న
నీళ్ళు పారబోసి పిప్పి పెట్టినా
బతికేటోడు."

నవ్విందో లేదో
చీకట్ల కనిపియ్యలే.

ఒంటికొమ్ము బర్రె మాత్రం ఏ ఆలోచనా చెయ్యలే.
ముంచిన మూతి మళ్ళ లేపలే.
బకెట్టు అడుగు నాలుకతోని గీకుతుంటే
గర్రు గర్రుమని చప్పుడు.
ఇంట్ల గంజును నేను గంత మంచిగ తోమలే.

వచ్చి మళ్ళ తోమిన.
పైపుల బ్రష్షు తోసిన, ఉడుకునీళ్ళు పోసిన,
వాసన చూసిన, ఇంకోసారి పోసిన.
బట్టసంచి తిరగేసి దులిపితే
కుట్టుసందుల ఇరుక్కొని ఇంకో నాలుగు గింజలు.
కిటికీల నుంచి కాకికి ఏసిన.

తెల్లారి గేటు కాడ
బూడిద పెట్టి తోమిన నా బకెట్లు.
ఒకదాంట్ల మూత పెట్టిన గిన్నె, అరలీటరు పాలు.
తెచ్చిన పిలగాడు అప్పజెప్పినట్టు చెప్పిండు:
"పైసలొద్దట. మళ్ళెప్పుడని అడగమన్నది.
పిప్పి ఒక్కటే అన్నది."

పాలు పొయ్యి మీద పెట్టిన.
మూలకున్న డబ్బా
బుడుక్కుమని మొదటి బుడగ ఇడిసింది.
రెండిట్ల ఏది ముందు పొంగుతదో
చూసుకుంట నిలబడ్డ.