మ్యాచింగ్

పై వరస ఆరు పళ్ల మీద ఆరు రకాల మబ్బు.
మా కనిగిరి బోరు నీళ్లు రాసిన రాత అది,
పాలపళ్లు ఊడి కొత్తవి మొలిచేటప్పటికే రాసి ఉంది.

మొన్న ఓనరు కొడుకు షాపు వీడియో తీస్తూ
"అక్కా, మీరు గుడ్డలు చూపించండి చాలు" అన్నాడు.
మంచి పిల్లాడే. మెల్లగానే అన్నాడు.

మల్లేశ్వరంలో మేడ మీద క్లినిక్కు.
మాలకొండమ్మ అని రాయడానికి
ముందు గదిలో పిల్ల మూడుసార్లు అడిగింది.
డాక్టరమ్మ నోట్లోకి లైటు వేసి
"ఫ్లోరైడ్" అంది కన్నడం కలిసిన తెలుగులో.
తెలుసమ్మా అన్నాను, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే.

తెల్లబరిచే మందుంది గానీ
నీ మచ్చలు ఉతికితే పోయేవి కావు,
చుట్టూ తెల్లబడి అవే ఇంకా పైకి తేలొచ్చు అంది.
నీలిమందు చారలు పడ్డ పంచె గుర్తొచ్చింది నాకు.

పింగాణీ రేకులైతే పన్నుకు పదమూడు వేలు,
పదేళ్లు పైనే దిగులుండదు.
కాకపోతే పన్ను పైపొర కాస్త అరగదీయాలి,
అరగదీసింది మళ్లీ రాదు.
ఆ మాట దగ్గర ఆగిపోయాను.
చించిన గుడ్డ వాపసు తీసుకోబడదు అని
నా తల వెనకే బోర్డుంటుంది రోజూ.

లేదంటే పూత. కూర్చోబెట్టి అప్పటికప్పుడు దిద్దేస్తుంది.
పన్నుకు నాలుగు వేలు, నాలుగైదేళ్లు,
ఆపైన మళ్లీ మరమ్మతు.

చీటీ పాడితే చేతికొచ్చింది ముప్పై వేలు.
వాయిదాల మీద పింగాణీ పెట్టించుకోండి ఆంటీ అంది ముందు గది పిల్ల.
దాని పళ్లు అద్దాల బీరువాలో
ఎవరూ టీ తాగని కప్పుల్లా ఉన్నాయి.

అప్పుడు తెచ్చింది డాక్టరమ్మ, షేడ్ కార్డు.
కాడలకు గుచ్చిన పదహారు పళ్లు.
అందరూ ఇదే అడుగుతారని కొసది చూపించింది.
కొత్త వాష్‌బేసిన్ తెలుపు.

నవ్వొచ్చింది నాకు.
పంతొమ్మిదేళ్లుగా మ్యాచింగ్ సెంటర్లో నిలబడ్డదాన్ని.
తెలుపని ఒక రంగు లేదమ్మా,
బియ్యం కడుగు తెలుపుంది, జున్ను తెలుపుంది,
వెల్లుల్లి పొట్టుది వేరు, మొగలిరేకుది వేరు.
క్రీము అడిగినామెకి హాఫ్‌వైటు ఇస్తే
జాకెట్టు కుట్టించుకున్నాక వచ్చి పోట్లాడుతుంది.
ఇంకోటి, ట్యూబులైటు కింద ఏ రంగునీ నమ్మకూడదు.

"బయటికి తీసుకెళ్లి చూడొచ్చా?"

గ్లవ్స్‌తోనే దిగొచ్చింది నా వెనక.
సంపిగె రోడ్డు మలుపులో, కొత్తిమీర బండి పక్కన,
ఎవరిదో స్కూటరు అద్దంలోకి వంగి
ఒక్కో కాడా పెదవికి ఆనించి చూశాను,
చీర అంచుకు గుడ్డముక్క ఆనించినట్టు.
పంటి పక్కన పన్ను పెట్టి చూస్తే సరిపోదు,
కంటి తెలుపుతో కలిపి చూడాలి.
కన్ను కంటే పన్ను తెల్లనైతే
నవ్వు ముందొస్తుంది,
మనిషి ఎక్కడో వెనక నడిచొస్తుంది.

కొత్తిమీర మనిషి కట్ట పట్టుకుని అలాగే చూస్తున్నాడు.
అప్పుడు తెలిసింది,
నడివీధిలో నోరు తెరుచుకుని ఉన్నాను నేను.
ఎంతసేపట్నుంచో.
చేతుల్లో కాడలున్నాయి, అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఇదీ, అని ఒకటి తీసిచ్చాను.
పాత దంతపు దువ్వెన రంగు, అంచున కాస్త పొద్దు.
ఆమె ఎండకెత్తి చూసింది. నా ముఖం చూసింది.
"నా దగ్గర పనికొస్తావా?" అంది.

పైన ఆరింటికి పూత చాలు.
కిందవి అలాగే ఉండనివ్వమన్నాను.
మాట్లాడితే బయటపడేవి అవే, ఆలోచించుకో అంది.
పడనీ.
మీదే ఊరమ్మా అంటే
చెప్పడానికి ఒక వరసైనా ఉండాలిగా.

శనివారం పదింటికి రమ్మంది.
ఆ తర్వాత రెండ్రోజులు కాఫీ వద్దంది.
ఇవాళ బేస్తవారం.
దర్శినిలో బై టూనా అక్కా అన్నాడు కుర్రాడు, అలవాటుగా.
లేదు,
ఫుల్లే ఇవ్వు.