ప్రతి రాత్రికీ ఒక ప్రతి

గ్రిమ్స్‌బీ రేవులో, వేలం షెడ్డు మేడ మీద
ఒకప్పటి ఐసు గది.
అందులోనే మా సర్వర్లు.
ఇప్పటికీ తలుపు తీస్తే ముందు ఉప్పు వాసన,
తర్వాతే ఫాన్ల హోరు.

ఒకే ఇనుప పెట్టెలో తొమ్మిది యంత్రాలు.
యంత్రాలంటే చేతికి తగిలేవి కావు,
ఉన్నట్టుండేవి.
ఒకటి తూకాలు రాస్తుంది, ఒకటి జీతాలిస్తుంది,
ఒకటి వేలం పాడుతుంది.
ఆ పాడేదాని పేరు హాలిబట్.
పేరు పెట్టినవాడు ఎప్పుడో మానేసి వెళ్ళాడు.

రాత్రి రెండుంపావుకి
ప్రతి రాత్రికీ ఒక ప్రతి.
పొద్దున నా ఫోనులో పచ్చటి టిక్కు.
పదకొండు నెలలు ఆ పచ్చదనం చూసుకుంటూ
టీలో బిస్కెట్టు ముంచుకున్నాను.

మంగళవారం తెల్లవారుజామున మూడున్నరకి
ఐసు గది కప్పులో గొట్టం పగిలింది.
పెట్టె నిండా నీళ్ళు, ఆ తర్వాత చీకటి.
ఫాన్లు ఆగితే ఆ గదిలోకి
సముద్రం వినిపిస్తుందని
ఆరోజే తెలిసింది.

అరువు సర్వరు మీద సోమవారం ప్రతిని లేపాను.
లేవలేదు.
ఆదివారం. శనివారం.
పేరు సరిగ్గా ఉంది, తేదీ సరిగ్గా ఉంది,
లోపల బోలు.
ఎవరో డిస్కు మార్చారు, దారి మార్చలేదు.
అన్ని రాత్రులూ ఖాళీ గిన్నెకి
భద్రంగా మూత పెడుతూ వచ్చింది ఆ పని.
టిక్కు అబద్ధమాడలేదు.
'అయింది' అంది, అంతే.
ఏమయిందని నేనే అడగలేదు.

మోయిరా సొరుగులో, దగ్గుబిళ్ళల కింద
చిన్న డిస్కు ఒకటి దొరికింది.
మీద పెన్సిలు రాత:
'గురువారం, నాలుగింటికి. నాకు నమ్మకం లేదు.'
సెలవుకి వెళ్ళేముందు చేత్తో తీసిన నకలు.
ఒకరి అపనమ్మకాన్ని
అంతగా ముద్దుపెట్టుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

ఐదూ నలభైకి హాలిబట్ కళ్ళు తెరిచింది.
దానికింకా గురువారమే.
గొట్టం పగల్లేదు, శుక్రవారం పడవలు రాలేదు,
సోమవారం వాన కురవలేదు.
'ఈరోజు సరుకు 212 పెట్టెలు' అంది ధీమాగా.
చెప్పేవాళ్ళు లేనంతసేపూ
ఎంత హాయిగా ఉందో దానికి.

"వై?" అన్నాడు గుమ్మంలోంచి లెన్ డ్రూరీ.
నా పేరు వైజయంతి. అతని నోట మొదటి అక్షరమే నిలిచింది;
పిలిచినా ప్రశ్నలాగే ఉంటుంది.
తూకం దగ్గర ముప్ఫై ఏళ్ళు.
కంప్యూటరు వచ్చాక కూడా జేబులో నోటుపుస్తకం మానలేదు.
అందరం నవ్వేవాళ్ళం. నేను కాస్త ఎక్కువే.

మా లెక్కల్లో చిట్టా ఒకటి, ఆవర్జా ఒకటి.
ఆవర్జా తగలబడితే
చిట్టాలోంచి మళ్ళీ ఎత్తి రాసేవారట.

అతను చదివాడు, నేను కొట్టాను.
హాడక్ పద్నాలుగు. కాడ్ తొమ్మిది.
ప్లేస్... మూడో ఎనిమిదో, తడిసిపోయింది,
ఎనిమిదే. మూడయితే నేనెందుకు గుర్తుపెట్టుకుంటాను?
"ఈ రెండు పెట్టెలూ చవగ్గా పోయాయి.
పడవాయనకి పంటి నొప్పి, బేరమాడలేదు."
దానికి గడి లేదు.
వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి.
ధర మాత్రం ఎక్కించాను.

ఏడుకి ఆరు నిమిషాలుందనగా
గడియారాన్ని ముందుకి తోశాను.
గురువారం ఒక్క గెంతులో మంగళవారమైంది.
కింద షెడ్డులో బూట్ల చప్పుడు,
ఎవరికీ ఏమీ కాలేదు.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రాలు
ఏదో ఒక రాత్రి ప్రతిని తీసి
వాకిలి లేని నెట్‌వర్కులో లేపుతాను.
టిక్కుని కాదు, దాన్నే అడుగుతాను: ఇవాళ ఏ వారం?
బుధవారం, అంటుంది. సరే.
కాసేపటికి ఏడయిందనుకుని
వేలం మొదలుపెడుతుంది.
మా భాషలో దాన్ని పాట అంటామని
లెన్‌కి చెప్పాను. నమ్మలేదు.

కొనేవాళ్ళు లేరు.
ఎవరో ఎప్పుడో వేయించుకు తినేసిన చేపలకి
ధర తగ్గిస్తూ, ఇంకా తగ్గిస్తూ
ఎదురుచూస్తుంది.
ఆపెయ్యాలి.
ఒక్క పాట ముగిసేదాకా
మీట మీద వేలుంచి
కూచుంటాను.